నోరు కడుక్కుని వచ్చిన మనిషి

యాభై ఎనిమిదేళ్ళ వయసులో కాంతమ్మకు ముప్పై పళ్ళుండేవి. రాజోలు దగ్గర కాలవగట్టు పేటలో ఆ వయసు ఆడవాళ్ళలో అన్ని పళ్ళున్న మనిషి ఇంకొకరు లేరు. పొగకు లోపలివైపు నల్లబడ్డాయే గాని ఒక్కటీ కదల్లేదు. చెరుకు గడను కణుపుతో సహా నమిలేది. పీచు కొట్టే పాకలో మధ్యాహ్నం వేళ పందెం కాసి, కొబ్బరి డొక్కను పళ్ళతో పట్టి ఒక్క ఊపున చీల్చేది. "మొగుడు పోయేడు, పొలం ఎప్పుడూ లేదు, పళ్ళయినా ఉండాలి కదండీ," అని నవ్వేది.

1983 జూలైలో కాకినాడ పెద్దాసుపత్రిలో, ఆ పళ్ళలో పైవరస మొత్తం తీసెయ్యాలన్నారు.

మాట చెప్పింది డాక్టర్ సూర్యప్రకాశరావు. విన్నది కాంతమ్మ ఒక్కగానొక్క కూతురు ఎలీసమ్మ. పేటలోని మిషను స్కూల్లో పన్నెండేళ్ళుగా టీచరు. తల్లి నోట్లో పైన, అంగుట్లో, రూపాయి బిళ్ళంత పుండు కేన్సరేనని అప్పటికే తేలింది.

"పుండుకి కరెంటు పెట్టాలమ్మా, రేడియేషను," అన్నాడు డాక్టరు. "కరెంటు తగిలిన దవడ ఎముకకి మళ్ళీ మానే గుణం ఉండదు. రేప్పొద్దున్న ఏ పన్నో పుచ్చి పీకవలసి వస్తే ఆ గాయం పూడదు, ఎముకే కుళ్ళిపోతుంది. అందుకని మత్తిచ్చి ముందే పైవరస తీసేసి, చిగుళ్ళు మానాక, ఓ మూడు వారాలకి కరెంటు మొదలుపెడతాం."

"నయమవుతుందాండీ?"

"చెయ్యవలసింది చేద్దాం. నాలుగైదేళ్ళ కిందటే ఎవరైనా నోరు తెరిపించి చూసుంటే అంగుడు తెల్లగా కనపడేది. అప్పుడు చుట్ట మానేసి ఉంటే చాలామందికి ఇంతదూరం రాదు. మన పల్లెల్లో ఎవరు చూస్తార్లెండి."

ఆయన నింద వెయ్యలేదు. పల్లెల మీద జాలిపడ్డాడు, అంతే. ఎలీసమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. పల్లెకు వచ్చి నోరు తెరిపించి చూసిన వాళ్ళున్నారని, వాళ్ళు ఏ తారీకున వచ్చి ఏ తారీకున వెళ్ళారో తనకు తెలుసునని ఆయనతో చెప్పలేదు.

మూడున్నరేళ్ళ కిందట, 1979 క్రిస్మసు వెళ్ళిన వారానికి, పళ్ళ డాక్టర్లు నలుగురు పేటకు వచ్చి స్కూల్లో మూడు రోజులు మకాం చేశారు. అడ్డపొగ తాగే ఆడవాళ్ళ నోళ్ళు పరీక్ష చెయ్యాలన్నారు. అడ్డపొగ అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పుకుని పీల్చడం. ఊడ్పుల్లో రెండు చేతులూ బురదలో ఉంటాయి, పైన వాన. నిప్పు నోట్లో ఉంటే తడిసి ఆరదు, నుసి రాలదు. లంక పొగాకు చుట్ట అలా తాగడం ఆ ప్రాంతపు కూలి ఆడవాళ్ళు తల్లుల దగ్గర నేర్చుకున్న పని. కాంతమ్మ పన్నెండో ఏట నేర్చుకుంది.

డాక్టర్లకు ముందుగా ఇంటింటి జాబితా కావలసి వచ్చింది. హెడ్మాస్టరు ఆ పని ఎలీసమ్మకు అప్పగించాడు. ఆమె దస్తూరి ముత్యాల కోవ. కాగితానికి ఐదు గడులు: ఇంటి నంబరు, పేరు, వయసు, పని, పొగ అలవాటు. చివరి గడిలో 'లేదు', 'చుట్ట', 'అడ్డపొగ' – ఈ మూడింటిలో ఒకటి రాయాలి. 'లేదు' అని ఉన్నవాళ్ళను పిలవరు. అరవై నాలుగు ఇళ్ళు రెండు రోజుల్లో తిరిగింది. పని ఎంత నిక్కచ్చిగా చేసిందంటే, దాచబోయిన వాళ్ళను కూడా వదల్లేదు.

"నా పేరు రాయకండి టీచరు గారూ, మా ఆయనకి తెలీదు," అంది మంగాయమ్మ.

"మీ ఆయనే చెప్పేరండీ."

"ఆఁ! ఆ సచ్చినోడికి తెలుసా? ముప్పయ్యేళ్ళు దొడ్లోకి పోయి తాగేనే!"

"దాస్తే నష్టం మీకేనండీ," అని నచ్చజెప్పి, రాసింది.

నలభై ఒకటో ఇల్లు తనదే. వరండాలో అరుగు మీద కూర్చుని, పేరు – గుబ్బల కాంతమ్మ, వయసు – యాభై నాలుగు, పని – పీచు కొట్టడం, అని రాసింది. చివరి గడి దగ్గర కలం ఆగింది.

పేటలోని క్రైస్తవ సంఘంలో ఒక కట్టడి ఉంది. పొగ తాగేవాళ్ళకు సంస్కారపు బల్ల, అంటే గుడిలో పంచే ప్రభువు రొట్టె, ద్రాక్షరసం, ఇవ్వరు. ఎలీసమ్మకు టీచరు ఉద్యోగం వచ్చిన ఏడాది కాంతమ్మ అందరి ముందూ చుట్ట మానేశానని ఒప్పుకుని బల్లకు వెళ్ళింది. ఆ తరవాత దొడ్లో అరటిచెట్ల చాటున తాగేది. నిప్పు లోపలే కనక గట్టు మీద పోయేవాళ్ళకు కనపడదు. ఈ జాబితా ముందు సంఘపెద్ద వరప్రసాదం గారి చేతికి వెళుతుంది, డాక్టర్ల భోజనాలు ఆయనింట్లోనే. వచ్చే ఆదివారం స్త్రీల సమాజానికి కార్యదర్శిని ఎన్నుకుంటారు, ఎలీసమ్మ పేరు అనుకుంటున్నారు.

అమ్మకు బల్ల దక్కకుండా పోతుందని తనకు తను చెప్పుకుని, చివరి గడిలో 'లేదు' అని రాసింది. ఆ రెండక్షరాలు మిగతా వరస కంటే అందంగా కుదిరాయి.

మూడో రోజు పొద్దున్న కాంతమ్మ స్కూలుకు వచ్చింది. గుడికి కట్టే తెల్లచీర కట్టింది. ఉప్పు, బూడిద కలిపి పళ్ళు తోమి, పదిసార్లు పుక్కిలించి, నోరు కడుక్కుని వచ్చింది. గడ్డం కింద ఇంకా తడి ఉంది. వరసలో భూలక్ష్మి వెనక నిలబడింది. ఎలీసమ్మ గబగబా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అంది:

"నీ పేరు లేదమ్మా. ఇంటికెళ్ళు."

"ఆయ్," అంది కాంతమ్మ. ఎందుకని అడగలేదు. వెళ్ళిపోయింది.

భూలక్ష్మి నోట్లో ఆ రోజు తెల్లమచ్చ కనిపించింది. చుట్ట మానకపోతే పుండు పడుతుందని డాక్టర్లు బెదిరించి పంపారు. ఆవిడ తిట్టుకుంటూ, లవంగాలు నములుతూ మానేసింది. ఏడాదికి మచ్చ పోయింది. ఆ ఆదివారం ఎలీసమ్మ కార్యదర్శి అయింది.

ఇప్పుడు ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి, కోటిపల్లిలో బస్సు మారి, కాకినాడ దాకా తోడు వచ్చింది ఆ భూలక్ష్మే. పీచు పాకలో ముప్పయ్యేళ్ళ స్నేహితురాలు.

ఎలీసమ్మ డాక్టరు మాట చెప్పగానే కాంతమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"పుండు అంగుట్లో ఉంటే పళ్ళు పీకడవేంటి? ఇల్లు కారుతోందని తలుపులు ఊడదీసుకుంటావా?"

"నాకు నాలుగే ఉన్నాయొదినా, బతకట్లేదూ?" అంది భూలక్ష్మి. "పీకించుకో. ఇద్దరం కలిసి గంజి తాగుదాం. పందేల్లో నీ చేతిలో ఓడిపోయే బాధ నాకూ తప్పుద్ది."

"నీకేటే, నీ నోరు చూసేరు. భయపెట్టేరు. బతికేవు."

"నిన్నూ చూసేవోరే. నా వెనకాలే నిలబడ్డావు గదా. తిరిగి చూస్తే లేవు. ఏటయిందో మరి."

ఎలీసమ్మ ఫ్లాస్కు మూత బిగిస్తోంది. బిగిసిన మూతనే మళ్ళీ బిగించింది.

"ఏటవుద్ది," అంది కాంతమ్మ. "దేవుడు నా పేరు తప్పించేడు. మానేసేనని బల్ల దగ్గర అబద్ధం ఆడి, ఆయన రొట్టె తిన్నాను. పొగ తాగే నోటితోనే తిన్నాను. అందుకే ఆ రోజు డాక్టర్ల కళ్ళు కప్పేడు. నా నిప్పు నా నోట్లోనే ఉంచేడు. ఆయన వద్దనుకున్న మనిషిని మీరు బాగుచేస్తారా? నేను పీకించుకోను. రేపు పొద్దున్న బండెక్కేద్దాం."

ఆ సాయంత్రం నర్సు ఒప్పుదల కాగితం తెచ్చింది. కాంతమ్మ వేలిముద్ర వెయ్యలేదు, చెయ్యి కొంగులో పెట్టేసుకుంది. మర్నాడు మధ్యాహ్నంలోగా తేల్చకపోతే మంచం ఇంకొకరికి ఇచ్చేస్తామని నర్సు చెప్పి వెళ్ళింది.

ఎలీసమ్మ చాలా విధాల చెప్పి చూసింది. రోగులకే వైద్యుడు అక్కర అన్న బైబిలు వాక్యం చెప్పింది. దేవుడు క్షమిస్తాడని చెప్పింది. "క్షమించేవోడయితే ఆ రోజే పిలిచేవోడు," అంది తల్లి. ఆ నమ్మకానికి పునాది తన చేతిరాత అని ఎలీసమ్మకు తెలుసు. దాన్ని కదిలించకుండా పైన ఎన్ని మాటలు పేర్చినా నిలవవనీ తెలుసు. అయినా ఇంకో వాక్యం వెతికింది. నాలుగేళ్ళుగా చేస్తున్నది ఆ పనే. తల్లి కోసమే రాశానన్న మాటను రోజుకో విధంగా కుదుర్చుకుంటూ వచ్చింది. పుండు కనపడ్డాక అది కుదరడం మానేసింది.

మర్నాడు పదకొండు గంటలకు భూలక్ష్మి కొబ్బరిబోండాం కోసం గేటు బయటికి వెళ్ళింది. ఎలీసమ్మ తల్లిని వార్డు వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, తను కింద కూర్చుంది.

"నీ పేరు తప్పించింది దేవుడు కాదమ్మా. నేను."

కాంతమ్మకు అర్థం కాలేదు.

"జాబితా రాసింది నేనే కదా. అలవాటు ఉందా అన్నచోట 'లేదు' అని రాసేను. డాక్టర్లకి నీ సంగతి తెలీదు. నువ్వొస్తే ఇంటికి పంపేసేను."

"నాకు బల్ల పోతుందనా?"

అక్కడ తప్పించుకునే తలుపు ఒకటి తెరిచి ఉంది. ఆయ్ అంటే సరిపోయేది. తల్లే చేతికి అందించిన సాకు అది.

"కాదమ్మా. అలాగని నాకు నేను చెప్పుకున్నాను. టీచరు గారి తల్లి అడ్డపొగ తాగుద్దని వరప్రసాదం గారింట్లో చదువుతారని. కార్యదర్శి పని రాదని."

కాంతమ్మ ఆసుపత్రి కాంపౌండులో ఆరేసిన దుప్పట్ల వైపు తిరిగింది.

"నేను నోరు కడుక్కుని వచ్చేనే ఆ రోజు," అంది.

"చూసేనమ్మా."

"పుండు సంగతి అటుంచు. అది నేను కాల్చుకున్నదే. నన్ను చూసి సిగ్గుపడ్డావన్న మాట."

ఎలీసమ్మ తల ఊపింది.

భూలక్ష్మి బోండాం పట్టుకొచ్చింది. కాంతమ్మ ఆవిడ చేతిలోంచి తీసుకుని తాగింది, కూతురు అందించిన తువ్వాలు ముట్టుకోలేదు. ఖాళీ బోండాం పక్కన పెట్టి, ఎవరి ముఖమూ చూడకుండా అంది:

"అయితే దేవుడు కాదన్న మాట."

"ఏటి దేవుడు కాదు?" అంది భూలక్ష్మి.

"నీకెందుకే. ఆ నర్సమ్మని పిలు. వేలు ముద్దర ఏస్తాను."

కాగితం నింపుతూ నర్సు అడిగింది, "అలవాట్లేమైనా ఉన్నాయా?" ఎలీసమ్మ నోరు తెరిచే లోపే వార్డంతా వినపడేలా కాంతమ్మ చెప్పింది: "అడ్డపొగండీ. పన్నెండో ఏటినుంచి. రోజుకి ఆరు. సరిగ్గా రాసుకోండి."

మర్నాడు పొద్దున్న ఆపరేషన్ థియేటరుకు తీసుకెళ్ళారు. గంటన్నర పట్టింది. తిరిగి వచ్చేసరికి బుగ్గలు వాచి, నోటి నిండా గుడ్డ ముద్దలు కుక్కి, ఆ ముఖం ఎవరిదో అన్నట్టుంది. సాయంత్రం గుడ్డలు తీసేశారు గాని, రెండు రోజులు మాట లేదు. మాట వీలుకాకనా, ఇష్టం లేకనా అన్నది ఎలీసమ్మకు తెలియలేదు. గంజి తాగేటప్పుడు గ్లాసు భూలక్ష్మి పట్టాలి. ఉమ్మి గిన్నె మాత్రం ఎలీసమ్మ పట్టినా అభ్యంతరం చెప్పలేదు. ఆమె అదే పట్టింది, కడిగింది, మళ్ళీ పట్టింది. తనకు వచ్చిన వంతు అదేననుకుంది.

మూడో రోజు పొద్దున్న డాక్టరు వచ్చి, చిగుళ్ళు చూసి, బాగానే మానుతున్నాయని చెప్పి వెళ్ళాడు. భూలక్ష్మి స్నానానికి వెళ్ళింది. కాంతమ్మ లేచి కూర్చుని చెంబు అడిగినట్టు చెయ్యి చాపింది. ఉప్పునీళ్ళతో నెమ్మదిగా, చాలాసార్లు పుక్కిలించింది. కొంగుతో గడ్డం తుడుచుకుంది. కొంచెం తడి ఉండిపోయింది.

అప్పుడు కూతురి మణికట్టు పట్టి దగ్గరికి లాగి, కిటికీ వెలుగు పడేలా ముఖం పైకెత్తి, నోరు తెరిచింది.

ఎలీసమ్మ వంగి చూసింది. ఖాళీ అయిన పైవరస, నల్లదారపు కుట్లు, వాటి వెనక అంగుట్లో అంచులు లేచిన పుండు, చుట్టూ నలభై ఆరేళ్ళ నిప్పు వదిలిన తెలుపు. చూపు తిప్పుకోబోయింది. మణికట్టు మీద పట్టు బిగిసింది.

కాంతమ్మ నోరు మూసేదాకా ఎలీసమ్మ చూస్తూనే ఉంది.