అచ్చులో లేని ఖర్చులు చెప్పిన చిన్నాయన

మా చిన్నాయన కోదండరామయ్యగారు పరమపదించారన్న తంతి చిత్తూరులో మా ఇంటికి చేరేసరికి నేను తులసికోటకు నీళ్ళు పోస్తున్నాను. ఒకసారి చదివి, ఇంకెవరి పేరో అయి ఉంటుందని మళ్ళీ చదివాను. తంతిలోని ఆ ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని చదవడం నాకు నేర్పినది ఆయనే. బస్సు పట్టుకుని తిరుపతి వెళ్ళేటప్పటికి అంతా అయిపోయింది. ఆ ముఖం కడసారి చూసే భాగ్యాన్ని స్వామి నాకు ప్రసాదించలేదు. ఇన్నేళ్ళు ఆయన నీడలో బతకనిచ్చాడు కనుక నిందించను.

చిన్నాయన ఒక కళాశాల కార్యాలయంలో ఫీజుల గుమాస్తా. తాను పదకొండో తరగతితో ఆగిపోయిన మనిషి. అయినా ఎం.ఏ., ఎం.ఎస్సీ.లలో సీటు వచ్చిన పిల్లల తండ్రులు జూన్ నెల వస్తే గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలోని ఆయన అరుగు వెతుక్కుంటూ వచ్చేవారు. రెండేళ్ళ చదువుకు మొత్తం ఎంతవుతుందో, ఏ నెలలో ఎంత చేతిలో ఉండాలో ఆయన చెప్పేవారు. ప్రయోగశాలలో పగిలే గాజుసామాను, రికార్డు పుస్తకాలు, చివర్లో టైపు కూలి, ఏదీ వదిలేవారు కాదు. “అచ్చులో ఉండేది ఫీజు. అచ్చులో లేనిది చదువు” అనేవారు. ఇంతటి సేవకు ప్రతిఫలంగా ఎవరి దగ్గరా ఒక అరటిపండైనా పుచ్చుకోలేదు.

బంగారుపాళ్యం నుంచి వచ్చిన ఒక రైతు నాకిప్పటికీ గుర్తు. వస్తూనే, “మావానికి ఫ్రీ సీటు వచ్చిందబ్బా! ఇంగ అన్నం గూడా వాళ్ళే పెడ్తారు గదా?” అన్నాడు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

“అన్నం పెట్టరప్పా, అన్నానికి బిల్లు పెడ్తారు” అన్నారు చిన్నాయన.

“మరి ఫ్రీ అంటే?”

“పాఠం చెప్పినందుకు దుడ్లు అడగరు. అంతే. కూసున్న బెంచీకి, పండుకున్న మంచానికి, తిన్న ముద్దకు అడుగుతారు.”

రైతు తువ్వాలు భుజాన వేసుకుని, “అట్లయితే ఇది ఫ్రీ సీటెట్లయితాదబ్బా, అద్దె సీటు గదా!” అన్నాడు. అరుగంతా నవ్వింది. ఆ కుర్రవాడు రెండేళ్ళూ నిశ్చింతగా చదువు పూర్తిచేశాడు.

చిన్నప్పుడు మేము తిరుపతిలో చిన్నాయన ఇంట్లోనే ఉండేవాళ్ళం. మా అమ్మ మంచం పట్టడం వల్ల నేను బడి గడప తొక్కలేదు. సాయంత్రం దీపం పెట్టాక చిన్నాయనే పలక పట్టించేవారు. నాకు భాగహారం నేర్పింది హాస్టలు మెస్సుతోనే. నెలంతా మెస్సుకైన ఖర్చును తిన్నవాళ్ళందరికీ సమానంగా పంచడాన్ని హాస్టళ్ళలో డివైడింగ్ అంటారు. “నూరు మంది తింటే తలకెంత పాపా?” అని అడిగేవారు. చింతగింజలు పేర్చి చెప్పేదాన్ని. తప్పితే కోప్పడేవారు కాదు, గింజలు మళ్ళీ నా చేతిలో పోసేవారు. నాకు దక్కిన సరస్వతీ కటాక్షమంతా ఆ చేతిలోనిదే.

నగరి నేతపని మునిరత్నం కూతురు రాజేశ్వరికి ఎం.ఎస్సీ.లో సీటు వచ్చింది. వాళ్ళ ఇళ్ళలో అంతదాకా చదివిన ఆడపిల్ల లేదు. మునిరత్నం అరుగు మీద చేతులు కట్టుకుని నిలబడి, “సారూ, మీరు ఎంతంటే అంత. మించితే మావల్ల గాదు” అన్నాడు. చిన్నాయన మూడు రోజులు కూర్చుని రెండేళ్ళ ఖర్చు రాశారు. సరిచూడమని ఆ కాగితం నాకు ఇచ్చారు. చూశాను. సరిగ్గా ఉందన్నాను. “సెలవులకు ఊరికి పోవద్దు పాపా, బస్సు చార్జీ మిగులుతాది” అని ఆ పిల్లకు మరీ మరీ చెప్పారు.

ప్రమాదం ఆ మాటలోనే ఉంది. చిన్నాయనకు తెలిసింది మగపిల్లల హాస్టలు. అక్కడ సెలవులకు మెస్సు మూసేస్తారు కనుక బిల్లు పడదు. ఆడపిల్లల హాస్టల్లో మాత్రం ఊరికి వెళ్ళనివాళ్ళ కోసం నడుపుతారు. దసరాకు దాదాపు అందరూ ఊళ్ళకు వెళ్ళారు. తర్వాత విద్యార్థుల సమ్మె వచ్చి హాస్టలు నెలకు పైగా దాదాపు ఖాళీగానే ఉండిపోయింది. వంటవాళ్ళ జీతాలు, కట్టెల ఖర్చు రాజేశ్వరితో కలిపి మిగిలిన పదకొండు మంది తలల మీద పడ్డాయి. నూరు మందికి పంచి చూపిన ఆయనకు గానీ, సరిచూసిన నాకు గానీ పదకొండు మంది తట్టలేదు.

ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. చిన్నాయన అడిగితే “సరిపోతాంది సార్” అనేది. బిల్లు తగ్గుతుందనుకుని రాత్రి భోజనం మానేసింది. డివైడింగులో ఒక పూట మానితే ఒక్క పైసా తగ్గదు. బకాయి తీరనిదే హాల్ టికెట్ ఇచ్చేది లేదన్నారు. పెట్టె సర్దుకుని నగరికి వెళ్ళిపోయింది.

పరీక్షలు మొదలైన మూడోనాడు సంగతి తెలిసింది. చిన్నాయన తన జీతం నుంచి బకాయి కట్టి, హాల్ టికెట్ తీసుకుని, నన్ను వెంటబెట్టుకుని నగరి రైలెక్కారు. రాజేశ్వరి గుమ్మం దగ్గర కండెలు చుడుతూ ఉంది. మణికట్టు పుల్లలా ఉంది.

“మిగిలిన పేపర్లన్నా రాయనీప్పా” అన్నారు చిన్నాయన.

“వద్దు సారూ” అన్నాడు మునిరత్నం మగ్గం దిగకుండానే. “బిడ్డ చిక్కి సగమైపోయినాది. మీరు మంచోళ్ళే. మీ లెక్కే మమ్మల్ని ముంచినాది.”

“సార్‌ను ఏమీ అనొద్దు నాయనా. నేనే సెలవులకు ఇంటికి వచ్చుండాల” అంది ఆ పిల్ల తల ఎత్తకుండా.

ఆ తర్వాత ఏ జూన్‌లోనూ చిన్నాయన అరుగు మీద కూర్చోలేదు. వచ్చినవాళ్ళతో, “నన్నడగొద్దప్పా. నా లెక్కకు ఒక బిడ్డ చదువు పోయినాది” అని చెప్పి లోపలికి వెళ్ళిపోయేవారు. నగరికి మాత్రం ఏటేటా పరీక్ష ఫారం పోస్టులో పంపేవారు. ఆ పరీక్ష రాసే గడువు ఈ ఏటితో ముగిసింది.

చిన్నాయన పోయిన పదకొండోనాడు రాజేశ్వరి వచ్చింది. పటానికి మొక్కి నా పక్కన కూర్చుంది. ఫారాలు అందేవా అని అడిగాను.

“అందేటివక్కా. ప్రతిసారీ నింపేదాన్ని. పంపేదాన్ని గాదు.”

“ఎందుకమ్మా?”

“మగ్గం నిలిస్తే ఇంట్లో పొయ్యి నిలుస్తాది.” పటం వైపు చూసి అంది, “సార్‌కు చెప్పలేదు. ఆయన పంపుతా ఉంటే, నేనింకా చదువుకుంటాండానని అనిపించేది.”

చిన్నాయనా, మీరు ఎందరి చదువులు నిలబెట్టారో వాళ్ళందరి తరఫున మీ పాదాలకు నమస్కరిస్తున్నాను. మీ స్థానం పూరించగల మనిషిని ఈ కళ్ళు ఇక చూడవు. రాజేశ్వరి భోజనం చేసి, విస్తరి తానే తీసి, సాయంత్రం రైలుకు వెళ్ళిపోయింది. తెల్లవారితే మళ్ళీ మగ్గం ఎక్కాలట.