బావ తెప్ప నుంచి వచ్చిన జవాబు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదట్నుంచీ వెటకారమే. మా అక్క గుమ్మానికి గుమ్మడికాయ కట్టిస్తే, పులుసులోకి పనికొచ్చేదాన్ని వేలాడదీశావేంటని ఏడిపించేవాణ్ణి. పైగా ఇంజనీరింగ్ కాలేజీలో రేడియోల మీద పరిశోధన నాది.

మా రేడియో సెట్టు కాస్త తెలివైనది. ఏ ఛానల్ ఖాళీగా ఉందో తనే విని చూసుకుంటుంది. బాగా వినిపిస్తోందని అవతలి సెట్టు జవాబిస్తే వేగంగా పంపుతుంది. సరిగ్గా వినపడకపోతే మెట్టుమెట్టుగా వేగం తగ్గించి, నిదానంగా పంపుతుంది. అవతల జవాబిచ్చే సెట్టు లేకపోతే ఈ మెట్లు కదలనే కదలవు.

సముద్రం మీద ఎంత దూరం పనిచేస్తుందో చూడాలని రెండో సెట్టు మా బావకిచ్చాను. అక్క మొగుడు. మల్కాపురంలో ఉంటాడు, సొంత మోటారు తెప్ప మీద చేపల వేటకెళ్తాడు. ముందురోజు సాయంత్రమే వాళ్లింట్లో ఇచ్చి వచ్చాను.

పొద్దున్నే హార్బర్ పక్కన ఒక డాబా ఎక్కి కూర్చున్నాను. బావ తెప్ప బయల్దేరడం కళ్లారా చూశాను. జవాబులు మొదలయ్యాయి. తెప్ప దూరమయ్యేకొద్దీ నా సెట్టు ఒక్కో మెట్టే దిగింది. ఓడలవాళ్ల మాటలు అడ్డొస్తే ఛానల్ మార్చుకుంది. చెప్పొద్దూ, నాకు గంతులేయాలనిపించింది.

ఇంకా రెండు మెట్లు ఉండగానే జవాబు ఠక్కున ఆగిపోయింది. దూరం వల్లయితే అలా ఆగదు, చివరి మెట్టుదాకా దిగి ఆగాలి. బావ ఫోన్ పలకలేదు. కిందికి పరిగెత్తి, ఒడ్డునున్నవాళ్లని బతిమాలి, చివరి జవాబు వచ్చినట్టు యాంటెన్నా చూపిస్తున్న దిక్కుకి రెండు తెప్పల్ని పంపించాను.

బావ బోల్తాపడ్డ తెప్పని పట్టుకుని వేలాడుతున్నాడట. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు. ఒడ్డుకి తెచ్చాక వాటేసుకుని ఏడ్చేశాను. సెట్టు పోతే పోయింది, నిన్ను కాపాడింది అదే అన్నాను.

బావ నాకేసి వింతగా చూశాడు. "ఆ సెట్టు నాను అట్టుకెల్లనేదు బావా. ఇంటికాడే మర్సిపోనాను."

నమ్మలేక ఆటో ఎక్కి మల్కాపురం వెళ్లాను. కొత్త వస్తువు ఏదైనా వాడేముందు అమ్మోరి దగ్గర పెట్టడం వాళ్లింటి అలవాటు. సెట్టుకి పసుపూ కుంకుమా పెట్టి, అక్క దాన్ని దేవుడి గూట్లో ఉంచింది. హడావుడిలో బావ తియ్యనేలేదు. బ్యాటరీ నేను కవర్లో చుట్టి ఇచ్చింది ఇచ్చినట్టే పక్కన ఉంది. పొద్దుట్నుంచీ జరిగిందంతా అక్కకి చెప్పాను.

"అమ్మోరే పలికింది తమ్ముడా," అని అక్క దండం పెట్టింది.

తర్వాత రెండు సెట్లూ విప్పి చూశాను. ఏ లోపమూ లేదు. వచ్చిన ప్రతి జవాబు మీదా గూట్లో ఉన్న ఆ సెట్టు నంబరే ఉంది. బ్యాటరీ లేని సెట్టు మాట్లాడదు, అది కాలేజీలో నేను పిల్లలకి చెప్పే పాఠం. మరి ఆ పొద్దున్న బావ నీళ్లలో పడేదాకా అతని పక్కనుంచి నాకు జవాబిచ్చింది ఎవరో, నాకు ఈరోజుకీ తెలీదు.