డీజిలు లేకుండా తిరిగిన ఇంజను

కాట్రేనికోన దారిలో సాలమోను మేష్టారి ట్రాక్టరు ఇంజను ఒకసారి చుక్క డీజిలు లేకుండా పగలంతా తిరిగింది. ఆ మోతకి సముద్రంలో వలలేస్తున్నవాళ్ళు వాయుగుండం పడిందనుకుని పడవలు ఒడ్డుకి తిప్పేసేరు.

సరే, పగలంతా అన్నది కాస్త సాగదీసిన మాటే. అన్నం ఉడికేటంతసేపు అనుకోండి. పడవల సంగతి కూడా గట్టిగా చెప్పలేం, వాళ్ళు ఎలాగూ ఆ వేళకి తిరిగొచ్చేవాళ్ళే. డీజిలు లేకుండా తిరిగిందన్నది మాత్రం తీసెయ్యడానికి వీల్లేదు.

సాలమోను మేష్టారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యేరు. ఆయన తండ్రి బతికినంతకాలం ఇంకొకరి ఎడ్లతో ఇంకొకరి పొలం దున్నేడు. మేష్టారు జీతంలో మిగిల్చి రెండెకరాలు కొనుక్కున్నారు. ఆ చేలోకి సొంత ట్రాక్టరు మీద, అదీ తన చేత్తో బాగుచేసుకున్న ట్రాక్టరు మీద కూర్చుని దిగాలని ఆయన పంతం. అందుకని తొంభై ఆరు తుఫానులో నీళ్ళు తాగి ఆగిపోయిన ఒక పాత బండిని ఇంటికి తెచ్చుకున్నారు. అప్పటికి దాని సీటు మీద కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

ఇంజను విప్పి వరండాలో పరిచేరు. ఆ రోజునుంచి ఇల్లు ఇల్లులా లేదు. పిస్టన్లు కిరసనాయిలు బేసిన్లో నానేవి. వాల్వులు టీవీ మీద వరసగా నిలబడి వార్తలు వినేవి. మేష్టారు ప్రార్థనకి కూర్చున్నా గోళ్ళలో గ్రీజుండేది.

ఆయన భార్య కాంతమ్మ అమలాపురంలో నర్సుగా చేసిన మనిషి. ఓరోజు ఆ ఇనుమంతా చూసి తేల్చేసింది.

"ఏవండీ, ఇది పోయిందండి. పోయినదాన్ని ఇన్నాళ్ళు వరండాలో పెట్టుకోకూడదు."

"పోలేదు కాంతం. స్పృహలో లేదు, అంతే."

"అయితే శనివారం దాకా చూస్తాను. అప్పటికీ లేవకపోతే పాతినుము కొనే శ్యామ్ బాబుని రమ్మంటాను."

మేష్టారు తిండి మానేసి బిగించేరు. కొత్త రింగులు వేసి, హెడ్డు కూర్చోబెట్టి, ఇంజనుని మళ్ళీ బండిలోకి చేర్చేరు. శనివారం పొద్దున్నే శ్యామ్ బాబు బండీ తాడూ తెచ్చుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

"నాకేం కంగారు లేదండి మేష్టారూ. ఆయ్, మీ ప్రయత్నం మీరు చేసుకోండి," అంటూనే తాడు చిక్కు తీసుకుంటున్నాడు.

ఇంక ఒక్క పనే మిగిలింది. ఇంజను పీల్చే గాలిలో దుమ్ము పట్టుకోడానికి పక్కనే ఒక గిన్నె ఉంటుంది. అందులో గీత దాకా ఆయిలు పొయ్యాలి. మేష్టారు కన్ను గిన్నెకి ఆనించి సరిగ్గా గీత దాకా పోసేరు. పక్కింటి కొబ్బరితోట నారాయణమూర్తిగారు దడి మీంచి తొంగిచూసేరు.

"అదేంటండీ మేష్టారూ, అక్కడే ఆపేసేరు?"

"గీత అక్కడే ఉందండి."

"మా అల్లుడుగారికి నెయ్యి వేసేటప్పుడు గీతలు చూసుకుంటామా అండీ? అసలే ఇన్నాళ్ళు పస్తున్న ప్రాణి! మనూళ్ళో కొలిచి పెట్టేరంటే ఎంత నామోషీ?"

ఇంకో రోజైతే మేష్టారు ఆయన్ని బెంచీ ఎక్కించేవారే. కానీ ఎదురుగా శ్యామ్ బాబు తాడు సిద్ధంగా ఉంది. మేష్టారు ఇంకొంచెం పోసేరు.

"వెయ్యండి, వెయ్యండి. చాలు చాలు అనేదాకా వెయ్యాలి."

ఇంజను చాలనలేదు. గిన్నె అంచుదాకా నిండిపోయింది.

తాళం తిప్పగానే ఇంజను దగ్గింది, తుమ్మింది, తెల్లటి పొగ ఊది దడదడమంటూ లేచింది! మేష్టారు పంచె ఎగ్గట్టి గెంతేరు. నారాయణమూర్తిగారు దడి మీద ఈల వేసేరు. శ్యామ్ బాబు నీరసంగా తాడు చుట్టుకున్నాడు.

అయితే ఆ మోత పెరుగుతోంది. ఇంకా పెరుగుతోంది. మేష్టారు వేగం పెంచే రేజు తగ్గించేరు, మోత తగ్గలేదు. ఆపే పుల్ల లాగేరు, ఆగలేదు. డీజిలు పైపే ఊడబెరికేరు. ఇంజను ఇంకా హుషారెక్కింది! గిన్నెలో ఎక్కువైన ఆయిలుని గాలితోపాటు జుర్రుకుని, దాంతోనే తిరుగుతోంది. నీలంపొగ తోటంతా కమ్మేసింది. బండి నిలబడ్డచోటే చిందులేస్తోంది. చెట్ల మీంచి కాయలు రాలుతుంటే నారాయణమూర్తిగారు నెత్తిమీద చాట పెట్టుకుని, "మేష్టారూ, మీ అల్లుడికి ఎక్కిందండీ!" అని అరిచేరు.

"మాటలాపి చెయ్యి సాయం పట్టండి! ముక్కలైపోతుందండీ!" మేష్టారు స్టీరింగు పట్టుకుని వేలాడేరు.

శ్యామ్ బాబు అప్పటికే గేటు అవతల ఉన్నాడు. "నాకొద్దండీ! మీరు ఎదురు డబ్బులిచ్చినా వద్దండీ!"

వంటింట్లోంచి కాంతమ్మ పరిగెత్తుకొచ్చింది. చేతిలో అప్పుడే మూకుట్లోంచి తీసిన మినపరొట్టె, పళ్ళెంతో సహా.

"ఊపిరి ఎక్కణ్ణించండీ దానికి?"

"ఆ గొట్టం! ఆ పై గొట్టం!"

కాంతమ్మ ఇంకేం అడగలేదు. పళ్ళెం బోర్లించి రొట్టెని గొట్టం మూతి మీద చరిచింది. అరచేతి మందాన రొట్టె, మూకుడంత వెడల్పు. ఇంజను దాన్ని గుబుక్కున లాక్కుంది. రొట్టె నడుమ గుంటపడింది గానీ చిరగలేదు. ఇంజను రెండుసార్లు ఎగశ్వాస తీసి, ఒళ్ళంతా కుదిపి ఆగిపోయింది.

గేటు దగ్గర్నించి శ్యామ్ బాబు మెల్లిగా అడిగేడు.

"అమ్మగారూ... పోయిందాండీ?"

"పోవడమేంటి! పోయినది ఇంత గోల చేస్తుందా? ఇది మా ఇంట్లోనే ఉంటుంది. నువ్వు తాడు అక్కడ పడేసి రా, ఇంకో రొట్టె వేస్తాను, తిని వెళ్దువుగాని."

ఆయిలు గీత దాకా తోడేసి మళ్ళీ తాళం తిప్పితే ఇంజను పిల్లిలా గురగురలాడింది. ఆ ఏడు దాళ్వా పంటకి సాలమోను మేష్టారు తన చేలోకి తన బండి మీదే దిగేరు. చాళ్ళు వంకరటింకరగా వచ్చేయి. ఆయన వెనక్కి తిరిగి చూసుకుని, ఒక్కరే పగలబడి నవ్వుకున్నారు.

ఇదంతా నిజమేనా అని ఎవరడిగినా మేష్టారు కళ్ళజోడు సర్దుకుంటారు.

"ఒక్క ముక్క కూడా నిజం కాదండి. లెక్కల మేష్టార్ని, గీత దాటి పోస్తానా? ఇంజను ఒక్క తిప్పుకి లేచింది, ఆపగానే ఆగింది. అసలు ఆవేళ మా ఇంట్లో ఉప్మా."