ఎడమ స్పీకరు

ఆ రోజుకి అది నాలుగో ఇల్లు. ఎక్కాల్సింది కూడా నాలుగో అంతస్తే. లిఫ్టు లేదు. టీవీ మెకానిక్ సంచీని ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుంటూ, ప్రతి మలుపులోనూ కాసేపు ఆగి, మోకాళ్లను బతిమాలుకుంటూ ఎక్కాడు. అతనికి యాభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు రేడియో మూత విప్పి వాసన చూసి, లోపల ఏది కాలిపోయిందో చెప్పినవాడు. ఇప్పుడు ఎవరూ దేన్నీ బాగుచేయించుకోవడం లేదు. పాడైతే పారేసి కొత్తది తెచ్చుకుంటున్నారు. ఆ కొత్తదాన్ని ఇంట్లో మిగిలిన పాతదానికి కలపాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇతను గుర్తొస్తాడు.

తలుపు తీసినవాడు బేకరీలో పనిచేసే మనిషి. పొయ్యి దగ్గర డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టున్నాడు, మోచేతుల దాకా పిండి ఎండిపోయి ఉంది.

"రండన్నా. మా అక్క పొద్దుట్నుంచీ మీకోసమే చూస్తోంది" అన్నాడు. అని, నాలుక కరుచుకున్నాడు.

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న అక్క నవ్వింది. ఆమెకి పుట్టుకతోనే చూపు లేదు. ముప్ఫయ్యేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఆమె సాయంత్రాలన్నీ టీవీతోనే. బొమ్మతో పనిలేదు గనక, పన్నెండేళ్ల కిందట తమ్ముడు ఒక స్టీరియో, రెండు పెద్ద స్పీకర్లు తెచ్చి పాత టీవీకి కలిపించాడు. ఆ టీవీ ఈమధ్యే పోయింది.

"దాని వెనక ఎర్రది, తెల్లది రెండు కన్నాలుండేవి. వైరు అక్కణ్నుంచే స్టీరియోకి వెళ్లేది" అన్నాడు తమ్ముడు. "దీనికి ఆ కన్నాలే లేవు. కొట్లో నేనది చూసుకోలేదు. బొమ్మ బాగుందని తెచ్చేశాను. చూసేది నేనా, ఆవిడా?"

"వాణ్ని ఏమనకండి" అంది అక్క. "కాకపోతే రెండు వారాలుగా అందరూ దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది. సీరియల్లో ఎవరేడుస్తున్నారో, ఎవరు తుమ్ముతున్నారో తేల్చుకోలేక చస్తున్నాను."

మెకానిక్ టీవీ వెనక చెయ్యి పెట్టి తడిమాడు. చిన్న చతురస్రపు కన్నం తగిలింది. ఇలాంటివి ఈ ఏడాది ఎన్ని చూశాడో లెక్కలేదు. అయినా ఓపిక చేసుకుని చెప్పాడు. "ఇందులోంచి శబ్దం వెలుగులాగా బయటికొస్తుందమ్మా. వెంట్రుకంత సన్నటి తీగలో ఆ వెలుగు ప్రయాణం చేస్తుంది. మీ స్టీరియోకి వెలుగు భాష రాదు. అందుకని మధ్యలో ఒక చిన్న పెట్టె పెట్టాలి. అది దుబాసీలాంటిది."

"ఇన్నాళ్లకి నాకు వెలుగుతో పని పడిందన్నమాట" అంది ఆవిడ.

బల్ల ముందుకి లాగారు. తమ్ముడు టార్చి పట్టుకున్నాడు. మెకానిక్ సంచీలోంచి తీగనీ పెట్టెనీ తీసి, నేలమీద పడుకుని తీగ ఒక కొస టీవీకీ, రెండో కొస పెట్టెకీ తగిలించబోయాడు. రెండు కొసలకీ కంటికి ఆనని ప్లాస్టిక్ తొడుగులున్నాయి. అవి తీయకుండానే గుచ్చబోయి, ఎంతకీ దిగకపోయేసరికి తనని తానే తిట్టుకున్నాడు. తొడుగులు లాగేసి ఒక కొస టీవీకి గుచ్చగానే రెండో కొసన ఎర్రటి చుక్క వెలిగింది, దాన్ని పెట్టెలోకి దించాడు. పెట్టెనుంచి స్టీరియోకి పాత ఎర్ర, తెల్ల వైరు కలిపాడు. స్టీరియో వెనక కన్నాల చుట్టూ ఉండాల్సిన రంగులు ఎప్పుడో చెరిగిపోయాయి. అందాజుగా పెట్టేశాడు.

స్టీరియో ఆన్ చేస్తే శబ్దం లేదు. టార్చి వెలుగు మెల్లగా గోడమీదికి జారింది. చూస్తే, తమ్ముడు నిలబడే నిద్రపోతున్నాడు.

"వాణ్ని లేపకండి. తెల్లారుజామున మూడింటికి లేచి వెళ్లాడు" అంది అక్క.

మెకానిక్ లేచి రిమోటు తీసుకుని, సెట్టింగుల్లోకి వెళ్లి, ఒక్కొక్క వరసా దిగాడు. టీవీ శబ్దాన్ని సినిమా హాలుకి పంపినట్టు మూటగట్టి పంపుతోంది. చిన్న పెట్టెకి ఆ మూట విప్పడం రాదు. డిజిటల్ ఆడియో అన్న చోట పీసీఎం అని, అంటే మూట కట్టకుండా పంపమని, మార్చాడు. అంతే, రెండు స్పీకర్లలోంచీ ఒక్కసారిగా వార్తల ముందు వచ్చే డప్పుల మోత విరుచుకుపడింది. తమ్ముడు ఉలిక్కిపడి టార్చి జారవిడిచాడు.

అక్క తల కొంచెం పక్కకి వంచి వింది. మొహం విప్పారింది, మళ్లీ ముడుచుకుంది.

"తిరగబడిందండీ" అంది.

"లేదమ్మా, సరిగ్గానే వస్తోంది" అన్నాడు మెకానిక్. సంచీ అప్పటికే సర్దేస్తున్నాడు.

"ఆ మోత ఎడమనుంచి కుడికి పరిగెత్తాలి. రోజూ వినేదే. ఇప్పుడు కుడినుంచి ఎడమకి వెళ్తోంది. మీకు తెలియడం లేదా?"

తమ్ముణ్ని టీ పెట్టమని లోపలికి పంపించి, ఆవిడ గొంతు తగ్గించింది.

"నేను మీ ఎడమపక్కనుంచి అడిగిన ప్రతిసారీ మీ పాదాలు నేలమీద తిరుగుతున్న చప్పుడవుతోంది. కుడి చెవి ఇటు పెడుతున్నారు. ఎన్నాళ్లయింది?"

మెకానిక్ సంచీ కింద పెట్టి, బల్ల అంచుమీద కూలబడ్డాడు. ఎడమ చెవి మందగించి ఏడాది దాటింది. మొదట చెవిలో ఈల వేసినట్టుండేది, తర్వాత అదీ లేదు. శబ్దం చూసి బతికేవాడికి చెవి పోయిందంటే పనికెవరు పిలుస్తారని ఎవరికీ చెప్పలేదు. భార్య పిలిచినప్పుడు పలక్కపోతే, మొగుడు తనని లెక్కచేయడం లేదని ఆవిడ అనుకుంటే అనుకోనిచ్చాడు. అదే తేలికనిపించింది. కస్టమర్లు ఎలా ఉందని అడిగితే తల ఊపేసేవాడు.

"మా ఎక్స్ఛేంజిలో ఒకావిడకి ఇలాగే అయింది" అంది అక్క. "ఆర్నెల్లు దాచుకుంది. తప్పు నంబర్లు కలిపి తిట్లు తిన్నది. ఆఖరికి మాకు చెప్పింది. హెడ్‌సెట్ రెండో చెవికి మార్చుకుని ఇంకో పదకొండేళ్లు చేసింది. మీ చేతులకేం కాలేదు కదా. వినడానికి ఇంట్లో వాళ్లుంటారు, వాళ్లని అడగండి. వినకుండా తల ఊపితేనే పని చెడుతుంది."

అతను మళ్లీ నేలమీద పడుకుని వైర్లు అటుదిటూ ఇటుదటూ మార్చాడు. ఈసారి ఆమెనే అడిగాడు. "ఇప్పుడెలా ఉందమ్మా?"

"కుడివైపు కొంచెం ఎక్కువగా ఉంది. తగ్గించండి. ఇంకాస్త. చాలు."

టీ తాగుతుండగా టీవీలో ఎవరో ఏడ్చారు. "ఇది ఏడుపే" అంది ఆవిడ తృప్తిగా. తమ్ముడు సోఫాలో ఒరిగిపోయి మళ్లీ నిద్రలోకి జారుకున్నాడు.

ఐదో పిలుపు మంగలి షాపునుంచి. అక్కడా ఇదే పని. పని మొదలుపెట్టకముందే మెకానిక్, "నాకు ఎడమ చెవి వినపడదు. ఏ పక్క ఎంత వస్తోందో మీరే విని చెప్పాలి" అన్నాడు. మంగలి కత్తెర ఆపలేదు. "అలాగేనండీ. ఏ పక్క నిలబడమంటారు?" అన్నాడంతే. ఏడాదిగా దేనికి భయపడ్డాడో అది ఇంత చిన్నదా అని మెకానిక్‌కి సంతోషం కలగలేదు, పైగా అలసట ముంచుకొచ్చింది.

భార్యకి చెప్పడానికి మాత్రం మూడు రోజులు పట్టింది. ఆమె కోప్పడలేదు. చేతిలో గిన్నె పక్కన పెట్టి, "మరి ఏడాదిగా నేను చెప్పినవన్నీ ఎవరికి చెప్పినట్టు?" అని అడిగింది. మర్నాడు ఆవిడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. బెంచీమీద వరసలో కూర్చున్నప్పుడు, ముందు అతని ఎడమపక్కన కూర్చుని, మళ్లీ లేచి కుడిపక్కకి మారింది. వాళ్ల ముందు ఇంకా పదిహేడుమంది ఉన్నారు.