కాటా దిగని బరువు

ఆ రోజుల్లో కంప్యూటర్ మనం చెప్పింది చేస్తుందని, చెప్పనిదేదీ చేయదని నాకు గట్టి నమ్మకం. లెక్కలు వచ్చు కదా అన్న ధైర్యంతో పుస్తకం చూసి సొంతంగా ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే మా మేనమామ (నన్ను నమ్మిన మొదటి మనిషి, చాలాకాలం ఆయనొక్కడే) కొత్త ఎలక్ట్రానిక్ కాటాను లాప్‌టాప్‌కి కలిపి, తూకం తెర మీద పెద్దగా కనబడేలా చేయమన్నాడు. "సరిగ్గా పన్జేత్తే ఉంటాది, లేపోతే పాత రాళ్ల కాటాయే. ఆనక నన్ననకు అల్లుడా," అని ముందే చెప్పేశాడు.

తొలి ఉదయం నేనే కాటా ఎక్కి చూపించాను. తెర మీద నలభై తొమ్మిది. బక్కవాణ్ణే గాని లెక్క నిక్కచ్చి. మావయ్య మురిసిపోయి, నేనింకా కాటా దిగకముందే, ఈగలు ముసురుతున్నాయని లాప్‌టాప్ మూత దించేశాడు. బెల్లం మీద గుడ్డ కప్పే చెయ్యి కదా, ఊరుకోదు. ఇంతలో కోటవురట్ల రైతొకాయన వచ్చి దిమ్మలు కాటాకెత్తాడు. మావయ్య మూత తెరిచాడు. నలభై తొమ్మిది. ఇంకో దిమ్మ పెట్టినా అంతే, రెండు తీసినా అంతే.

"ఇదేటి బావా! ఏడాదంతా కట్టపడి తెత్తే, పెరగదు, తరగదు!" అన్నాడు రైతు.

"మా అల్లుడు కాటా దిగేడు గాని బరువు దిగలేదు బావా," అని మావయ్య నా వైపు తిరిగాడు. "ఏటల్లుడా, రాళ్లు తెమ్మంటావా?"

"టీ తాగి రా మావయ్యా," అని బతిమాలి, అవసరం లేదనుకుని దాటేసిన పేజీలు తిరగేశాను. మూత దించితే యంత్రం నిద్రపోతుందట. పడుకునే ముందు, లేచాక ప్రతి ప్రోగ్రాముకూ కబురు పెడుతుందట. ఆ కబురు వినమని నా ప్రోగ్రాముకి నేను చెప్పనేలేదు. నిద్రలో కాటాతో సంబంధం తెగిపోయినా, అది చివరగా చూసిన బరువును, అంటే నన్నే, పట్టుకుని కూర్చుంది. లేచానన్న కబురు రాగానే పాత అంకె చెరిపేసి కాటాను మళ్లీ పలకరించమని రాశాను.

మావయ్య మూత దించి, ఎత్తాడు. తెర ఖాళీ. మెల్లగా కొత్త అంకె వచ్చింది. ఆయన ఊరుకోక రాళ్లతోనూ తూచాడు. రెండూ కలిశాయి.

"ఇప్పుడు నా బెల్లం కనపడతంది," అన్నాడు రైతు. "ఇందాకంతా మీ అల్లుణ్ణే అమ్మబోయేం!"

ఇప్పటికీ ఆసుపత్రిలో బరువెంతని అడిగితే నా నోటికి ముందు వచ్చేది నలభై తొమ్మిదే. "ఆ మాట పాతదండీ, ఓపాలి మళ్లీ ఎక్కి సూడండి," అంటుంది మా ఆవిడ. వెంటనే ఎక్కను. ఆ బక్క కుర్రాణ్ణి కాసేపు తెర మీద ఉండనిస్తాను.