ఇంకు తగలని పెన్నులు

మా చెల్లెలి మొగుడు ఇంకు పెన్నులు పోగేస్తాడు. రాయడానికని పొరపాటు పడకండి. చూడడానికి, వాసన పట్టడానికి, అరచేతిలో తూకం వేసి మళ్లీ పెట్టెలో పడుకోబెట్టడానికి. ఇంట్లో ఉన్న ఒక్క ఇనప బీరువాలో పై అరలన్నీ ఆ పెట్టెలే. మా చెల్లెలి చీరలు మంచం కింద రేకు పెట్టెలో ఉంటాయి.

నేను ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివినవాణ్ణి. ఆ చదువుతోనే సహకార సంఘానికి ఏళ్ల తరబడి కార్యదర్శిగా చేశాను. వాగు మీద వంతెన కావాలని నేను రాసిన అర్జీ చదివి పెద్ద ఇంజనీరే జీపు దిగి "ఎవరయ్యా ఇది రాసింది?" అని వెతుక్కుంటూ వచ్చాడు. బడికి రెండు గదులు వేయించాను. నా హయాంలో ఒక్క ఎరువుల బస్తా పక్కదారి పట్టలేదు. ఇదంతా కిరాణా కొట్లో కొన్న ఇంకు పెన్నుతో చేసిన పని. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట.

మా బావ నీటిపన్ను ఆఫీసులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగిపోయాడు. అన్నేళ్లూ రాసింది రీఫిల్ పెన్నుతో, అదీ కింద మూడు కార్బను కాయితాలు పెట్టి. ఆఫీసులో ఆయన్ని పలకరించినవాడు లేడు. కానీ ఆదివారం కళ్లద్దాల దుకాణం మేడమీద గదిలో కూర్చుంటే మాత్రం మహారాజు. అక్కడ పెన్నుల పిచ్చివాళ్లంతా చేరతారు. ఎవరు ఏ పెన్ను కొనాలన్నా బావ చూసి "సరే" అనాలి. అనకపోతే బేరం లేదు. అందుకని ఆయన్ని 'సరేగారు' అంటారు. ఆ ఒక్క మాట కోసం ఆరు రోజులు ఊపిరి బిగబట్టుకుని బతికే మనిషి.

ఓ ఆదివారం నా కళ్లద్దాలు ఇంకా తయారు కాలేదని దుకాణంవాడు కూర్చోమన్నాడు. అదే వేళకి మెట్లెక్కబోతున్న బావ నా చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయాడు.

"రా బావా, నా పరపతి చూద్దువు గాని."

ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, మెడ వంచిన దీపం. బల్ల చుట్టూ గడ్డాలు నిమురుకుంటూ నలుగురైదుగురు. ఆ రోజు పళ్ల డాక్టరు తన పెన్నొకటి అమ్మకానికి పెట్టాడు. కొనడానికి వచ్చినావిడ ఆడపిల్లల బడి హెడ్‌మిస్ట్రెస్. బడి వదిలి వెళ్లే పిల్లల యోగ్యతా పత్రాల మీద పేర్లు తన చేత్తో రాస్తుందట, దానికి మంచి పెన్ను కావాలట.

బావ కంటికి భూతద్దం బిగించాడు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "కర్పూరం వాసన. పాతకాలం సెల్యులాయిడ్ ఒళ్లే, అసలుదే." మూత అంచును దీపానికి ఎదురు పెట్టి తిప్పాడు. "వెంట్రుకంత పగులు లేదు." గొట్టం మీద చెక్కిన అక్షరాలను వేలితో తడిమాడు. "మెరుగు పెట్టి అరగదీయలేదు. అక్షరం ఇంకా గుచ్చుకుంటోంది." పాళీని దీపం కిందికి తెచ్చి అటూ ఇటూ తిప్పి చూశాడు. గదిలో దగ్గినవాడు లేడు. గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నట్టుందని నాకు నవ్వొచ్చింది.

"బంగారు పాళీ. చీలిక నిట్టనిలువుగా ఉంది. ఇంకు తగల్లేదు. సరే!" అన్నాడు బావ.

అందరూ తలలూపారు. ఆవిడ మాత్రం సంచీలోంచి ఇంకు బుడ్డి, తెల్లకాయితం తీసి బల్ల మీద పెట్టింది.

"ఒక్క గీత గీసి చూపించండి మాస్టారూ."

"అమ్మా, ఇంకు తగలని పెన్నది. తగిలితే విలువ సగం పోతుంది."

"గొంతు వినకుండా పాటగాణ్ణి కుదుర్చుకుంటామా? రాయని పెన్ను నాకెందుకండీ?"

పళ్ల డాక్టరు ముసిముసిగా నవ్వాడు. "రాయండి సరేగారూ. అంత గట్టిగా సరే అన్నారుగా! మన కట్టుబాటు తెలుసుగా, ఎవరి చేతిలో చెడితే వాళ్లే డబ్బిచ్చి కొనుక్కోవాలి."

కాదంటే తన మాట మీద తనకే నమ్మకం లేదని అర్థం. బావ నావైపు చూశాడు. నేను గోడమీద గడియారం చూశాను.

పాళీ ముంచాడు. కాయితం మీద ఆనించి ఒత్తాడు. ఎలా ఒత్తాడనుకున్నారు? కింద మూడు కార్బనులున్నట్టు! మెత్తటి పాళీ కదా, చీలిక దగ్గర రెండు రేకులూ విడిపోయి చెరోవైపు వంగాయి, పోట్లాడుకున్న అన్నదమ్ముల్లా. కాయితం చిరిగింది. దాని మీద ఈగ చచ్చినంత ఇంకు మచ్చ.

"అయ్యయ్యో!" అన్నాడు డాక్టరు, కానీ నవ్వు ఆపుకోలేక.

ఆవిడ బుడ్డికి మూత బిగించి లేచింది. "ఇన్నేళ్లుగా మీరు ఇంకు పెన్నుతో ఒక్కసారైనా రాయలేదా?" అని అడిగింది. వెటకారం లేదు, నిజంగానే అడిగింది. అదే బావకు ఎక్కువ గుచ్చుకుంది.

కట్టుబాటు ప్రకారం డబ్బు కట్టి, ఆ వంగిన పెన్నును జేబులో పెట్టుకుని బావ ఇంటిదారి పట్టాడు. ఇంటికొచ్చాక మా చెల్లెలికి నేనే చెప్పాను, ఏమీ దాచకుండా.

"పేరు గొప్ప ఊరు దిబ్బ! నీ మొగుడికి పెన్ను పట్టుకోవడం రాదే."

"నీకొచ్చుగా అన్నయ్యా, నేర్పించు. ఇక్కడ కూర్చుని ఎగతాళి చేస్తే ఆయనకొస్తుందా?" అని కాఫీ గ్లాసు నా ముందు ఠప్పున పెట్టింది.

సరేనని కూర్చోబెట్టాను. కిరాణా కొట్టు పెన్నే ఇచ్చాను. వంతెన అర్జీ నాకు కంఠతా వచ్చు, అది చెప్పి రాయించాను. వారమంతా అదే పని. "ఒత్తకు బావా, అది మేకు కాదు" అని అరిచీ అరిచీ నా గొంతు పోయింది. వేళ్లకు ఇంకు, చొక్కాకు ఇంకు. అక్షరాలు మాత్రం కోడి గెలికినట్టే. నా దగ్గర వేలిముద్ర వేసేవాళ్లు సంతకాలు నేర్చుకున్నారు. ఈయన మాత్రం నేర్చుకోలేకపోయాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది. వెళ్లకపోతే ఇంకా నవ్వుతారని తీసుకెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ కూడా వచ్చింది. గడియారాలు బాగుచేసే అతని పెన్ను బల్ల మీదుంది. అలవాటు చొప్పున అందరూ బావ వైపు తిరిగారు. డాక్టరు అందరికంటే ముందు తిరిగాడు, వేడుక చూద్దామని.

బావ భూతద్దం బయటికి తియ్యలేదు. పాళీ ముంచి, కాయితం మీద ఊదినంత తేలిగ్గా ఒక గీత గీశాడు. గీత వంకరే గాని కాయితం చిరగలేదు. ఇంకొకటి గీశాడు. తర్వాత పెన్ను ఆవిడ ముందుకు జరిపాడు.

"గీత పడుతోందమ్మా. ఇది మంచిదో కాదో చెప్పడం నాకు తెలీదు. మీరే రాసి చూసుకోండి."

డాక్టరు కుర్చీ వెనక్కి లాక్కున్నాడు. ఆవిడ పెన్ను అందుకుని ఎవరో పిల్ల పేరు రాసుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత బల్ల దగ్గర బావను 'సరే' అనమని ఎవరూ అడగలేదు.

ఆ ఇంటికి పిల్లనిచ్చిన దగ్గర్నుంచీ బావ నోట నేను విన్న తెలివైన మాట అదొక్కటే. మా చెల్లెలు రేకు పెట్టెలో చీరలు బీరువాలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. పెన్నుల అర ఒకటి ఖాళీ అయింది. మిగతావాటి మీద ఇంకా వాదన నడుస్తోంది.