మా బావ నడుంనొప్పి

మా బావకు నడుంనొప్పి ఏనాడూ లేదు. అయినా నెలల తరబడి దానికి మందు మింగాడు.

బావంటే మా అక్క మొగుడు. బస్టాండు వెనక మెస్సు నడుపుతాడు. వంట ఆయనది, వడ్డన అక్కది, గిన్నెలూ గొడవలూ నావి. ఆయనకు నొప్పి వచ్చింది కడుపులో. బొడ్డుకు పైన మంటగా మొదలై, నిద్రలోంచి లేపి కూర్చోబెట్టేది.

"డాక్టరుకు చూపించుకో బావా," అన్నాను.

"కడుపునొప్పి ఉన్న వంటవాడి చేతి కూడు ఎవరు తింటారే? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నోర్మూసుకుని ఉల్లిపాయలు కొయ్యి."

పొయ్యి దగ్గర పొట్ట పట్టుకుని వంగినప్పుడు ఎవరైనా చూస్తే, చెయ్యి మెల్లగా వెనక్కి జరిపి "నడుం పట్టేసింది" అనేవాడు. జనం నమ్మారు. నమ్మి ఊరుకుంటే బాగుండేది. రోజూ కిటికీ పక్కన కూర్చుని భోంచేసే బ్యాంకాయన జాలిపడి, తను వాడే నొప్పి బిళ్ళలు తెచ్చి తన ఎదురుగానే వేసుకోమన్నాడు. అబద్ధమాడాక మింగక తప్పుతుందా? మర్నాటి నుంచి "వేసుకున్నావా?" అని రోజూ అడిగేవాడు. బావ రోజూ వేసుకునేవాడు, అదీ పరగడుపున. ఎందుకంటే తింటే నొప్పెక్కువని తిండి మానేశాడు. చివరికి రుచి చూడటమూ మానేశాడు.

కూరలో ఉప్పు ఒకరోజు చేదయ్యేంత, ఒకరోజు చప్పిడి. "ఉప్పు తగ్గిందయ్యా," అని బ్యాంకాయనంటే, "తగ్గింది నీ నాలుక," అనేవాడు. ప్యాంటు జారుతుంటే బెల్టుకు కొత్త బెజ్జం పెట్టుకున్నాడు.

ఒకనాడు పొద్దున అక్క నన్ను పక్కకు లాగింది. "మీ బావకు విరేచనం తారులా నల్లగా అవుతోందటే," అంది. అంతలో బావ కళ్ళు తిరిగి బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. నాకు చచ్చేంత భయమేసింది. భయమేస్తే నాకు తిట్లొస్తాయి. ఆటోలో దారంతా తిట్టాను.

పక్కవీధి క్లినిక్‌లో డాక్టరమ్మ గదికి తలుపు లేదు, కర్టెన్ ఉంది. కర్టెన్ అవతల బెంచీ మీద బీపీ చూపించుకోడానికి వచ్చిన బ్యాంకాయన ఉన్నాడు.

"ఎక్కడ నొప్పి?" అంది డాక్టరమ్మ.

బావ కర్టెన్ వంక చూశాడు. "నడుమండీ," అన్నాడు.

మనిషి పాలిపోయి కూర్చుని కూడా అదే మాట! "కడుపు డాక్టరుగారూ! కడుపు!" అని అరిచాను. వీధిలోకి వినబడింది. తర్వాత విరేచనం సంగతీ, బిళ్ళల సంగతీ కూడా చెప్పేశాను.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "కడుపునొప్పికి సవాలక్ష కారణాలుంటాయి. గ్యాస్ కావచ్చు, పిత్తాశయంలో రాళ్ళు కావచ్చు, పేగులో వాపు కావచ్చు, పుండు కావచ్చు. తగ్గకుండా పట్టుకుంటే రావాలి. బరువు తగ్గితే ఇంకా ముందే రావాలి. విరేచనం నల్లగా అయినా, రక్తం కక్కినా, పొట్ట రాయిలా బిగుసుకున్నా, కళ్ళు తిరిగినా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. నువ్వేమో వెళ్ళి పొయ్యి వెలిగించావు."

పెద్దాసుపత్రిలో గొంతులోంచి కడుపులోకి గొట్టం వేసి చూశారు. పుండు. నొప్పి బిళ్ళలు దాన్ని రక్తం కారేదాకా తెచ్చాయట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. కొండనాలుక శుభ్రంగా ఉన్నవాడు మందేసుకోవడం మా ఇంట్లోనే చూశాను. రక్తం ఎక్కించారు, మందులిచ్చారు. బావ మంచం మీద పడుకుని అన్నది ఒక్కటే మాట: "ఇక మెస్సుకెవరూ రారు."

కోలుకుని మళ్ళీ మెస్సు తెరిచాడు. జనం వచ్చారు గానీ గుమ్మంలోనే నిలబడ్డారు. ఎవరూ కూర్చోలేదు.

"ముందు నువ్వు తిను," అన్నాడు బ్యాంకాయన.

బావ కంచం పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. అందరూ చూస్తుండగా ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి ఆగాడు.

"నొప్పా?" అంది అక్క.

బావ తల అడ్డంగా ఊపాడు. "ఉప్పు తక్కువైంది," అన్నాడు.

"ఇన్నాళ్ళూ మేం మొత్తుకున్నది అదేగదయ్యా!" అంటూ బ్యాంకాయన ఎదురు కుర్చీ లాక్కున్నాడు. మిగతావాళ్ళూ కూర్చున్నారు.

నేను ఉప్పు డబ్బా తెస్తానని లోపలికెళ్ళి, కాసేపు ఏడ్చి, తెచ్చాను.